నిచ్చెన ఎక్కిన రోజు పరుగు లేదు

ఈ నెల పరుగు తక్కువ, పెంకులు ఎక్కువ.

"పరుగు మానేశారా గురువుగారూ?" అని గట్టు మీద ఇద్దరు ముగ్గురు అడిగారు. మానలేదండి. ఇంటి కప్పు మీద ఉన్నాను, అంతే.

నా గురించి తెలియని వాళ్ళకి నాలుగు ముక్కలు. నాకు 64 ఏళ్ళు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మాది కోనసీమలో అంబాజీపేట వైపు ఒక పల్లె. పెంకుటిల్లు, వెనకాల కాస్త కొబ్బరితోట, తోట చివర పంటకాలువ. తొలి బస్సు గేటు దాటేలోపు బండ్లన్నీ చూసి వదలాలి కాబట్టి ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మూడున్నరకే లేచేవాణ్ణి. ఉద్యోగం అయిపోయింది గాని ఆ మెలకువ పోలేదు. చీకట్లో మంచం మీద కూర్చుని ఏం చేస్తాం? అంతకుముందు ఆదివారాలు మాత్రమే పరిగెత్తేవాణ్ణి, రిటైరయ్యాక వారంలో ఎక్కువ రోజులు గట్టెక్కడం మొదలైంది. మొదట్లో మా ఊరి కుర్రాళ్ళు "ఏం బాబాయ్ గారూ, బస్సు తప్పిపోయిందా?" అనేవారు. ఆర్టీసీ వాడికి ఆ జోకు తప్పదు. ఇప్పుడు వాళ్ళకే విసుగొచ్చి మానేశారు.

అసలు విషయానికొస్తాను. వేసవిలో మా వైపు ఒళ్ళు వంచి పని చేయగలిగింది పొద్దున మూడు గంటల సేపే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గదా, మాకు రోళ్ళు పగిలేంత ఎండ ఒక్కటే కాదు, దానికి తోడు ఉక్క. తెల్లారకముందే గాలిలో తేమ నిండి ఉంటుంది. పట్టిన చెమట ఆరదు, కారిపోతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఆరని చెమట వల్ల నీళ్ళూ ఉప్పూ పోవడమే గాని ఉపయోగం లేదు. కాబట్టి పరుగెత్తాలన్నా, కప్పెక్కాలన్నా అదే మూడు గంటలు. ఎనిమిది దాటితే పెంకు మీద చెయ్యి పెట్టలేం. పరుగూ పెంకులూ రెండూ ఒకే పూట కావాలని కూర్చుంటాయి.

సాయంత్రం పరిగెత్తొచ్చు గదా అంటారు. సముద్రం గాలి తిరిగాక బాగానే ఉంటుంది, నిజమే. కానీ చీకటి పడే వేళకి గట్టు మీదికి రక్తపింజరులు వస్తాయి. టార్చిలైటు పట్టుకుని ఒక్కో అడుగూ చూసుకుంటూ పోవడాన్ని నేను పరుగనను.

అందుకని మార్చి నెలాఖర్లోనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. నిచ్చెన ఎక్కిన రోజు పరుగు లేదు. పరుగెత్తిన రోజు నిచ్చెన గోడ పక్కన పడుకోబెట్టి ఉంటుంది. ఇంటి పని కూడా పరుగుల నోటుబుక్కులోనే రాస్తాను. ఒక పేజీలో "పి.గన్నవరం గట్టు, నెమ్మది, గంటంబావు" అని ఉంటే, దాని కిందే "పడమటి చూరు, నిచ్చెన మీద రెండున్నర గంటలు, పిక్కలు బరువు" అని ఉంటుంది.

ఇది డిపో అలవాటు. బస్సు ఖాళీగా తిరిగినా, కిక్కిరిసి తిరిగినా మీటరు మీద కిలోమీటర్లు ఒకటే. బ్రేకు లైనింగు విప్పి చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. మనిషి పిక్కకి కూడా మీటరుతో పని లేదు. నిచ్చెన మెట్టు మీద మునివేళ్ళ మీద నిలబడి, పైకి చెయ్యి చాచి గంటసేపు పని చేస్తే పిక్క, మడమ వెనక నరం (డాక్టర్లు అకిలెస్ టెండన్ అంటారు) రెండూ ఆ గంటంతా బిగుసుకునే ఉంటాయి. గొంతుక్కూచుని గోడ అడుగున సున్నం పూస్తే మోకాళ్ళూ తొడలూ పడే శ్రమ ఏ జిమ్ములోనూ దొరకదు. ఇంటి పనిని లెక్కలో వేయకుండా "ఈ వారం పరుగు తక్కువే గదా, ఆదివారం లాగిద్దాం" అనుకుంటే ఆ ఆదివారం ఎక్కడో పట్టేస్తుంది. ముప్ఫై ఏళ్ళ వాడికి పట్టినా రెండు రోజుల్లో వదులుతుంది. నా వయసులో పట్టిందంటే పండగ దాకా వదలదు.

ఇక కప్పు సంగతి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా పడమటి చూరులో పెంకులు జారాయి. కొన్ని పగిలాయి, చాలావరకు పక్కకు కదిలాయి. మర్నాడు బరకం కప్పి, తాళ్ళతో బిగించి, ఇటుకలు వేలాడదీసి శీతాకాలం నెట్టుకొచ్చాం. పాత తుపాన్లతో పోలిస్తే ఇది మాకు పెద్ద దెబ్బ కాదు. 1996 నవంబరు 6 తుపానుకి ఇంటికప్పు మొత్తం లేచిపోయింది. ఆ రోజుల్లో కోనసీమలో నిలబడిన కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పుడు మా నాన్న, మా చేలగట్ల మీద కూలిన తాడిచెట్లలో బాగా ముదిరినవి ఏరి, చీల్పించి వాసాలు చేయించాడు. ఇప్పటికీ ఇంటిని మోస్తున్నవి అవే. చేవదేరిన తాటివాసం నల్లగా, మేకు దిగనంత గట్టిగా ఉంటుంది. మేకు కొట్టాలంటే ముందు డ్రిల్లుతో రంధ్రం పెట్టాల్సిందే. లేకపోతే మేకు వంగుతుంది, లేదా వేలు వాస్తుంది.

వాసాలకి ఏమీ కాలేదు. చెదలు పట్టింది వాటి మీద అడ్డంగా కొట్టి పెంకుల్ని మోసే సన్న చెక్కపట్టీలకి, అంటే రీపర్లకి. పెంకు కదిలిన చోట వాన దిగి, తడిసి, ఆరక, చెద ఎక్కింది. పెంకులు దింపితే గాని ఇది కనపడదు. పెంకులు సర్దేసి వదిలేస్తే వచ్చే తుపానుకి పెంకూ రీపరూ కలిసి నట్టింట్లో పడతాయి. అందుకే పడమటి చూరంతా వరసలు వరసలుగా దింపాను. ఒక పూటకి ఎంత దింపానో అంత తిరిగి కప్పి దిగడం. మే నెలలో కూడా ఇక్కడ గాలివాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. విప్పిన కప్పు విప్పినట్టు వదిలి దిగితే మా ఆవిడ ఊరుకోదు.

పెంకు మంచిదో కాదో చూడడానికి చిన్న కిటుకు ఉంది. ఎడమ చేత్తో పెంకుని అంచున వేలాడేలా పట్టుకుని కుడిచేతి వేలి మెటికతో కొట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు. మొద్దుగా మోగితే కంటికి కనపడని చీలిక ఉన్నట్టు, పక్కన పడేయండి. నాచు పట్టిన వాటిని పీచుతో రుద్ది కడిగి ఎండబెట్టాలి. నాచు పెంకుకి పెంకుకి మధ్య గాడిలో పేరుకుంటే నీరు ఎగదన్ని లోపలికి వస్తుంది. చూరు అంచున ఉండే రెండు వరసలనీ, కొప్పు పెంకుల పక్క వరసనీ సన్న జీఐ (జింకు పూత ఉన్న ఇనప) తీగతో రీపర్లకి కట్టాను. గాలి ముందు ఎత్తేది అంచులనే.

కప్పు మీద నడిచేటప్పుడు పెంకు నడిమధ్యన అడుగు వేయకూడదు. కింద వాసం ఎక్కడుందో చూసుకుని దాని మీదే వేయాలి. నేను పెద్ద చెక్క పలక ఒకటి అడ్డంగా వేసుకుని దాని మీద కూర్చుంటాను. బరువు నాలుగు వాసాల మీదికి పోతుంది. చెప్పులు వద్దు, ఒట్టి కాళ్ళు. నిచ్చెన కింద మా ఆవిడ ఉండాలి. ఆమె షరతు ఒకటే. "మీరు పడితే నేను మొయ్యలేనండి. ఫోను నా చేతిలో ఉంటుంది, నూట ఎనిమిదికి కొట్టేస్తాను, ఆపైన మీ ఇష్టం." ఇది విన్నాక జాగ్రత్త దానంతటదే వస్తుంది.

కొత్త రీపర్లకి జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె పూశాను. చెదకి అంత మంచి మందు లేదు. సముద్రం వైపు పడవలకి కూడా పూస్తారు. కానీ ఒంటికి తగిలితే కాలి బొబ్బలెక్కుతుంది. చేతులకి రబ్బరు తొడుగులు, మొహానికి తువ్వాలు, చొక్కా పొడుగు చేతులది. ఆ వేషంలో నన్ను చూసి పక్కింటి మనవరాలు దొంగనుకుని లోపలికి పరిగెత్తింది.

పెంకులు దొరకడమే అసలు తిప్పలు. కొత్త పెంకు కొంటే సరిపోదు. ఒక్కో కంపెనీ అచ్చు ఒక్కో రకం, గాడి గాడిలో కూర్చోదు. కూర్చోకపోతే నీరు దిగుతుంది. కాబట్టి మన పెంకుల వయసువే, అదే అచ్చువే కావాలి. ఎక్కడ దొరుకుతాయి? పాత ఇళ్ళు పడగొట్టి డాబాలు వేస్తున్న చోట. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ అదే పని గదా. ఇక్కడ నా ఆదివారం పరుగు అక్కరకొచ్చింది. ఊరూరా తిరిగే దారి పట్టాను. రోడ్డు పక్క పెంకుల గుట్ట కనపడితే ఆగి, ఒకటి తిరగేసి వెనక అచ్చు చూసి, ఇంటివాళ్ళని పలకరించడం. చెమటతో తడిసిన ముసలాడు నిక్కరేసుకుని వచ్చి "పెంకులు ఎంతకిస్తారండీ?" అంటే ముందు అనుమానంగా చూస్తారు. తర్వాత మంచినీళ్ళిస్తారు. "ఎక్కడినుంచండీ? పరిగెత్తుకుంటూనా?" అంటారు. ఒకాయన డబ్బు పుచ్చుకోలేదు, "తీసుకుపోండి, మాకు స్థలం ఖాళీ అవుతుంది" అన్నాడు. మరొకాయన కొత్త పెంకు ధర కంటే ఎక్కువ చెప్పాడు, హోటలు వాళ్ళు అలంకారానికి కొంటున్నారట. మధ్యాహ్నం ట్రక్కు ఆటో మాట్లాడుకుని వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ ఆదివారాల టైము నోటుబుక్కులో ఘోరంగా ఉంటుంది, ఆగిన సేపంతా కలిసి.

మామూలు రోజుల పరుగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కువ భాగం నెమ్మది పరుగే. పక్కన మనిషి ఉంటే మాట్లాడగలిగేంత నెమ్మది. పక్కన మనిషి ఉండడు కాబట్టి నాలో నేనే ఎక్కాలు చదువుకుంటాను. పందొమ్మిదో ఎక్కం ఆయాసం లేకుండా వచ్చిందంటే వేగం సరిపోయినట్టు. వారానికొకసారి మాత్రం ఎత్తు. మా డెల్టాలో కొండలు ఎక్కడివి? బల్లపరుపు నేల. ఎత్తంటే ఏటిగట్టు ఎక్కే వాలు, లేదా వంతెన. అందుకని బండి మీద బోడసకుర్రు దాకా వెళ్ళి, గోదావరి పాయ వైనతేయ మీద పాసర్లపూడి వైపు వేసిన వంతెన ఎక్కి దిగుతాను. పెందలాడే వెళితే లారీలు తక్కువ. కింద నది, పక్కన సరుగుడు తోటలు. చూడ్డానికి బావుంటుంది గాని వంతెన మధ్యకి వచ్చేసరికి చూపు బూట్ల మీదే ఉంటుంది.

మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఒక వాచీ కొని పంపింది. గుండె ఎంత కొట్టుకుంటోందో చూపిస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు 160 చూపించి ఎర్రగా వెలిగింది, గరిష్ఠం దాటిపోయిందని. దాని లెక్క 220లోంచి వయసు తీసేయడం. అంటే నాకు 156. ఇది చాలా పాత లెక్క. 2001లో తనాకా అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్ళూ సవరించిన లెక్క ఇంకొకటి ఉంది, వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. దాని ప్రకారం 163 వస్తుంది. వయసు మళ్ళిన వాళ్ళకి పాత లెక్క తక్కువ చూపిస్తుంది. ఏ లెక్కైనా సగటే, మనిషికి మనిషికి పది పైగా తేడా ఉండొచ్చు. నేను ఏడాదికోసారి గుండె డాక్టరు దగ్గర ట్రెడ్‌మిల్ టెస్టు చేయించుకుంటాను, ఆయన చూసి చెప్పింది నమ్ముతాను. వాచీ ఎర్రబడితే అమ్మాయికి ఫోన్లో ఏమైనా వెళుతుందేమోనని మా ఆవిడ టెన్షన్. వెళ్ళదని చెప్పినా నమ్మదు.

పరుగులో నాకు ఆదర్శం ఎవరంటే కెనడాలో ఉన్న ఎడ్ విట్‌లాక్ అనే పెద్దమనిషి. మైనింగ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. 2004లో, తన 73వ ఏట, టొరంటో మారథాన్‌ని 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. 70 దాటి మూడు గంటల లోపు మారథాన్ పరిగెత్తిన మొదటి మనిషి ఆయనే. 2017లో పోయాడు. ఆయన ప్రాక్టీసంతా ఇంటి దగ్గర శ్మశానంలో. అక్కడి చిన్న దారిలో చుట్టూ చుట్టూ గంటలకొద్దీ తిరిగేవాడు. కోచ్ లేడు, ప్రత్యేకమైన తిండి లేదు. ఇది మా ఆవిడకి చెబితే, "మన ఊళ్ళో మీరు శ్మశానం చుట్టూ తిరిగితే మర్నాడే భూతవైద్యుణ్ణి పిలుస్తారు" అంది. అదీ నిజమే.

ఆయన టైములు నాకెందుకులెండి. నేను విశాఖలో నేవీ మారథాన్‌కి వెళ్ళి 21 కిలోమీటర్లు పరిగెత్తి వస్తాను, మా వయసు వాళ్ళ గుంపులో మధ్యలో ఎక్కడో ఉంటాను, సాయంత్రం బస్సెక్కుతాను. బస్సు గేరు మారుస్తుంటే వచ్చే చప్పుడు వింటూ కూర్చోవడం ఆ ప్రయాణంలో నాకు ఇష్టమైన భాగం.

వయసు పెరిగే కొద్దీ పరుగులో అడుగు చిన్నదవుతుంది. చీలమండ దగ్గర నేలని వెనక్కి తోసే బలం తగ్గిపోవడం దానికి ఒక పెద్ద కారణం. అంటే ముందు చూసుకోవాల్సింది పిక్కల్ని. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరు 1998లో మడమ వెనక నరం నొప్పికి ఒక వ్యాయామం ప్రచురించాడు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మీదే బరువంతా పెట్టి మడమని మెల్లగా మెట్టు కిందికి దించాలి. పైకి లేవడానికి రెండో కాలి సాయం. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, మోకాలు కొంచెం వంచి మరో మూడు విడతలు. రోజుకి రెండు పూటలా, 12 వారాలు. ఆ నరానికి రక్తం అందేది తక్కువ, అందుకే బాగుపడడానికి అంత కాలం. నొప్పి ఉన్నవాళ్ళు డాక్టరుకి చూపించుకుని చేయండి. నాకు నొప్పి లేదు, రాకుండా ఉండాలని కొద్దిగా చేస్తాను.

మా వీధి అరుగుకి రాతి మెట్టు ఉంది. మా తాతల నాటిది, అంచు నున్నగా అరిగి ఉంటుంది. ఈ పనికి అచ్చంగా కొలిచి చెక్కినట్టుంటుంది. సాయంత్రం దాని మీద నిలబడి ద్వారబంధం పట్టుకుని మడమలు దించుతుంటే దారిన పోయేవాళ్ళు "ఏవండీ, ఎవరికోసం చూస్తున్నారు?" అంటారు. ఎవరికోసమూ కాదంటే ఇంకా అనుమానం.

మా తోటలో దింపు తీయడానికి వచ్చే ఆయనకి యాభై పైనే. కాళ్ళకి బంధం వేసుకుని చెట్టెక్కి, గెలలు కోసి దిగి, పక్క చెట్టు ఎక్కుతాడు. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా అంతే. ఆయన పిక్కలు చూస్తే నేను ఈ అరుగు మీద చేసేదంతా ఆటలా ఉంటుంది. ఒకసారి అడిగాను, నొప్పులు రావా అని. "వస్తాయండి. వస్తే దింపు ఆగుతుందా?" అన్నాడు. నా నొప్పికి విశ్రాంతి ఉంది, పింఛను ఉంది. ఆయన నొప్పికి ఏదీ లేదు. ఈ తేడా మర్చిపోయి ఆరోగ్యం గురించి ఉపన్యాసాలిచ్చే రిటైర్డు ఉద్యోగుల్లో చేరకూడదని నా ప్రయత్నం. ఆయనకి ఇప్పుడు ప్రతి దింపుకీ కొంచెం ఎక్కువ ఇస్తున్నాను. మా బావమరిది "రేటు పాడు చేస్తున్నారు బావా" అంటాడు. అననీండి.

తిండి విషయం అందరూ అడుగుతారు. పరుగుకి ముందు ఏమీ లేదు, గ్లాసు నీళ్ళు. వచ్చాక కొబ్బరి బొండం. అది ఇంట్లోదే, ఖర్చు లేదు. కానీ బొండంలో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా ఉప్పు. అందుకని బొండం తర్వాత ఉప్పేసిన మజ్జిగ ఒక గ్లాసు. ఎండాకాలం పొద్దున్నే చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ. కప్పు పని చేసిన రోజు మాత్రం మా ఆవిడ దిబ్బరొట్టె వేస్తుంది, బెల్లం పానకంతో. నిచ్చెన దిగుతుంటేనే మూకుడు మీద మినప్పిండి వాసన వస్తుంది. పరుగెత్తి వస్తే రొట్టె లేదు. ఇదేం న్యాయం అని అడిగితే, "కప్పు ఇంటి కోసం, పరుగు మీ కోసం" అంది. దీనికి జవాబు ఇంకా వెతుకుతున్నాను.

ఇక గోడ. దక్షిణం వైపు గోడకి కింద మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది, తెల్లగా ఉప్పు పూసి సున్నం పెచ్చులు రాలుతోంది. డెల్టా నేల, నీళ్ళు పైపైనే ఉంటాయి. ఇటుక ఆ తడిని పైకి లాగుతుంది. నీరు గోడ మీద ఆరిపోయి ఉప్పుని అక్కడే వదిలేస్తుంది, ఆ ఉప్పు గట్టిపడుతూ పూతని తోసేస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మా నూతిలో నీళ్ళు దిగుతాయి, గోడ మీద చెమ్మ గీత కూడా దిగుతుంది. గోడ పని చేసుకోవాలంటే అదే అదను. కానీ పరుగూ, పెంకులూ, గోడా మూడూ ఆ రెండు నెలలే అడుగుతున్నాయి. పొద్దున ఉన్నది మూడు గంటలు. ముందు కప్పు, ఎందుకంటే మృగశిర కార్తె ఎవరికోసమూ ఆగదు.

గోడలో తూర్పు సగం మాత్రం ఈ వేసవిలో చేయగలిగాను. పాత పూతంతా గీకేసి, ఇటుకల సందుల్లో ఉప్పు చీపురుతో దులిపి, కొన్నాళ్ళు ఆరబెట్టి, గుల్ల సున్నంతో పూశాను. గుల్ల సున్నం నీళ్ళలో వేస్తే బుసబుసమని ఉడుకుతుంది, దగ్గరగా మొహం పెట్టకండి. కంట్లో పడితే కన్ను పోతుంది. డ్రమ్ములో నానబెట్టి వదిలేశాను, ఎంత నానితే అంత వెన్నలా అవుతుంది. తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక, పాతకాలం వాళ్ళలాగా కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, కొంచెం బెల్లం నీళ్ళు. పలచగా ఒక పూత, అది గట్టిపడ్డాక రెండోది. మధ్యలో గోనెసంచులు తడిపి కప్పుతూ ఉండాలి. ఇది సిమెంటులా మర్నాటికి బిగుసుకోదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని నెలల తరబడి మెల్లగా రాయవుతుంది. తొందర ఉన్నవాళ్ళు సున్నం జోలికి రాకూడదు. నా మడమ నరానికీ దానికీ ఈ విషయంలో బాగా జత కుదిరింది.

మా మేస్త్రికి ఇది నచ్చలేదు. మంచి పనివాడు, ఊళ్ళో సగం డాబాలు ఆయనవే. "సున్నానికి బలం ఎక్కడిదండీ? సిమెంటు ఒక కోటింగు కొట్టేస్తే రెండు రోజుల పని" అంటాడు. ఆయన చెప్పే బలం నిజమే, కానీ ఈ గోడకి కావాల్సింది బలం కాదు, ఊపిరి. పాత ఇటుక గోడ మీద సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక ఇంకా పైకి పాకుతుంది. మూడడుగుల చెమ్మ ఐదడుగులవుతుంది, కొన్నాళ్ళకి సిమెంటు పలకలు పలకలుగా ఊడుతుంది, దాంతోపాటు ఇటుక మొహం కూడా ఊడొస్తుంది. మా వీధిలోనే ఇలాంటి గోడలు చూపించగలను, ఇంటివాళ్ళకి కోపం వస్తుందని ఊరుకున్నాను.

దాని బదులు ఆయన్ని బండెక్కించుకుని పి.గన్నవరం తీసుకెళ్ళాను. అక్కడ వైనతేయ మీద కాటన్ దొర కాలంలో కట్టిన పాత ఆక్విడెక్టు, దాని పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది. కింద నది, పైన కాలువ. కాలువ నీటినే నది దాటించి అవతలి లంకలకి పంపే కట్టడం. నా పొడుగు పరుగులు చాలావరకు అక్కడే వెనక్కి తిరుగుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, ఈ పాత ఆక్విడెక్టు ఆ కాలంలోదే. అప్పటికి మన దేశంలో సిమెంటు కట్టడాలు ఎక్కడివి? అంతా సున్నమే. 170 ఏళ్ళుగా వరద మధ్యలో నిలబడి ఉంది. 1986 గోదావరి వరద కూడా చూసింది. "దీనికి బలం ఎక్కడిదండీ మరి?" అన్నాను. మేస్త్రి కమానుల కేసి కాసేపు చూశాడు. "ఆ రోజుల్లో సున్నం వేరండి" అన్నాడు. అక్కడితో ఆ వాదన అయిపోయింది, ఆయన లెక్కలో ఆయనే గెలిచాడు.

పడమటి చూరు పూర్తయింది. బరకం విప్పి మడిచి అటక మీద పెట్టాను. మొన్న ఈదురుగాలితో గంటసేపు కురిసింది, ఒక్క చుక్క దిగలేదు. గట్టు మీద మట్టి తడిసి మెత్తబడింది, మడమకి హాయిగా ఉంది. ఇంక వారంలో నాలుగు పొద్దులు పరుగుకే. బోరు మోటారు బేరింగు కూత పెడుతోంది, దాన్ని విప్పాలి గాని అది కూర్చుని చేసే పని, మధ్యాహ్నం వసారాలో చేసుకోవచ్చు. నోటుబుక్కులో దాన్ని రాయను.

దక్షిణం గోడ పడమటి సగం మాత్రం మళ్ళీ వేసవి దాకా ఆగాలి. కాలువలకి నీళ్ళు వదిలాక, వానలు పడ్డాక సున్నం పూత ఆరదు. నిన్న సాయంత్రం మేస్త్రి, మా బావమరిది కలిసి వచ్చారు. అంతదాకా గోడ అలా ఏడుస్తూ ఉండాలా, సిమెంటు కొట్టించేయండి, మేమే బస్తాలు తెస్తాం అన్నారు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి పంపాను.